ఫారంలో నేను వదిలేసిన గడి

కొత్తగా హెచ్.ఆర్. ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు ఏ పెళ్లిలోనో పుట్టినరోజులోనో కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు: "ఆంటీ, ఇక్కడ రూల్స్ ఇలా మారిపోతుంటే మీరు ఎలా గుర్తుపెట్టుకునేవారు?" గుర్తుపెట్టుకోవడం పెద్ద కష్టం కాదర్రా. చదివితే గుర్తుంటాయి. చదివిన తరువాత మన సొంత తెలివి అందులో కలపకుండా ఉండటమే కష్టం. పాతికేళ్లు ఆ పని చేసి కూడా ఈ సంగతి నాకు చివరి సంవత్సరంలో గానీ తెలియలేదు. తెలిసిన తీరు కూడా గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా చెబుతాను.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాది నలభై మంది ఉన్న కంపెనీ. కార్ల బ్యాటరీలను పరీక్షించే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. నలభైలో ముప్ఫై మంది తెలుగువాళ్లే. యజమాని కూడా ఒకప్పుడు హెచ్-వన్ వీసా మీద వచ్చి, ఒక పెద్ద కార్ల కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ తరువాత సొంతంగా ఇది పెట్టుకున్నవాడు. నాకన్నా పదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు. మంచివాడే, కోపం వచ్చినప్పుడు తప్ప.

మా దగ్గర సెలవు అంటే వాట్సాప్. "అక్కా, ఒళ్లు వెచ్చగా ఉంది, ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్" అని ఒక ముక్క పెడితే నేను బొటనవేలు బొమ్మ పెట్టేదాన్ని. ఎవరికి ఎన్ని రోజులు ఇచ్చామో నా బుర్రలోనే లెక్క. పనిమంతులకు ధారాళంగా, పనిదొంగలకు పిసినారిగా ఇచ్చేదాన్ని. అదే న్యాయమనుకునేదాన్ని.

నా చివరి సంవత్సరం ఫిబ్రవరిలో మిషిగన్‌లో చట్టం మారింది. యాభై మందిలోపు ఉన్న కంపెనీలకు అంతవరకూ పట్టని జబ్బు సెలవు మాకూ పట్టుకుంది. ముప్ఫై గంటలు పనిచేస్తే ఒక గంట జీతంతో కూడిన సెలవు. అది యజమాని దయ కాదు, పనిచేసినవాడి సంపాదన. తనకు బాగా లేకపోయినా, ఇంట్లోవాళ్లకు బాగా లేకపోయినా వాడుకోవచ్చు. వరుసగా మూడు రోజులు దాటితే తప్ప డాక్టరు కాగితం అడగకూడదు. అమల్లోకి రావడానికి ముందు రోజు దాకా చట్టసభ పెద్దలు దాన్ని దిద్దుతూనే ఉన్నారు. వాట్సాప్ మానేసి కంప్యూటర్‌లో సెలవు ఫారం పెట్టాలనుకుని, నేనూ మా పాలసీ పుస్తకాన్ని మూడుసార్లు తిరగరాశాను. రాస్తుంటే నిజంగా సరదాగానే ఉండేది, ఏ మాట ఎందుకు మార్చారా అని.

ఇంట్లోవాళ్లంటే ఎవరు అన్నదానికి చట్టంలో పొడుగాటి జాబితా ఉంది. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తోబుట్టువులు, తాతలూ మనవలూ. ఇవన్నీ అయ్యాక చివర ఇంకొకటి. నాకు అర్థమైనట్టు చెప్పాలంటే, రక్తసంబంధం లేకపోయినా కుటుంబంతో సమానమైన దగ్గరితనం ఉన్న మనిషి. అది చదివి నేను ఒక్కదాన్నే గదిలో నవ్వుకున్నాను. ఆ వాక్యం రాసినవాళ్లు తెలుగువాళ్లను చూడలేదు కాబోలు. ఇద్దరు తెలుగువాళ్లు గ్రోసరీ స్టోర్‌లో బిల్లు వరుసలో నిలబడితే, వాళ్ల వంతు వచ్చేలోపు ఊరూ ఇంటిపేరూ తేలి, అన్నయ్యా వదినా అని పిలుపులు మొదలవుతాయి. మనకు కుటుంబంతో సమానం కానివాళ్లు ఎవరు?

కాగితం పట్టుకుని యజమాని గదికి వెళ్లాను. "ఇది చూడండి. ఈ గడి కూడా ఫారంలో పెడితే, మనవాళ్లు వేలు విడిచిన మేనమామకు జలుబు చేసిందని కూడా సెలవు పెడతారు."

ఆయనా పడీపడీ నవ్వాడు. "అది పెట్టారంటే ఆఫీసులో మీరూ నేనే మిగులుతామక్కా. ఇప్పుడున్న డెడ్‌లైన్స్‌కి అది కుదిరే పనేనా?"

"చట్టం పూర్తి పాఠానికి పుస్తకం చివర లింకు ఇస్తాను. కావాల్సినవాళ్లు చదువుకుంటారు."

లింకులు ఎవరు నొక్కుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అలా కంప్యూటర్ ఫారంలో ఆ చివరిది వదిలేసి ఆరు గడులు పెట్టాను. ఏదో ఒకటి టిక్ పెట్టకపోతే ఫారం ముందుకు పోదు. ఆ ఏర్పాటు చేయించింది కూడా నేనే. పనితనమంటే ఇదీ అనుకుని మురిసిపోయాను.

మా టెస్టింగ్ విభాగంలో ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ వైపు నుంచి ఎం.ఎస్. కోసం వచ్చి, ఆరేళ్లుగా మా దగ్గరే పనిచేస్తోంది. ముప్ఫై రెండో ముప్ఫై మూడో ఉంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. అందరూ యజమానిని అన్నా అంటే ఈమె ఒక్కతే సార్ అనేది. రెండేళ్ల కిందట విడాకులు అయ్యాయి. ఆ సంగతి ఆఫీసులో నా ఒక్కదానికే తెలుసు, ఎందుకంటే ఆరోగ్య బీమాలోంచి భర్త పేరు తీసేయమని కాగితం తెచ్చి ఇచ్చింది నాకే. "సారీ అమ్మా" అన్నాను. "థాంక్యూ మేడం" అంది. అంతే, ఇంకో ముక్క లేదు.

ఏప్రిల్‌లో ఆమె నుంచి మొదటి ఫారం వచ్చింది. గురువారం పదకొండు నుంచి సగం రోజు. కారణం, కుటుంబ సభ్యుల అనారోగ్యం. టిక్ పెట్టిన గడి, అత్తమామలు.

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. భర్త లేడు కదా, మరి అత్తమామలు ఎక్కడి నుంచి వచ్చారు? ఏ అమెరికన్ మేనేజరో అయితే చూడనైనా చూడకుండా ఓకే నొక్కి కాఫీకి వెళ్లిపోయేవాడు. నేను తెలుగుదాన్ని. నాకు వరస తేలాలి. ఓకే అయితే నొక్కాను గానీ, ఆ రోజంతా అదే ఆలోచన. రెండు వారాలకు మళ్లీ గురువారం, మళ్లీ పదకొండు, మళ్లీ అత్తమామలు. ఆ తరువాత రెండు వారాలకు మళ్లీ.

ఉండబట్టలేక ఒకరోజు కాఫీ దగ్గర ఆపాను. "ఏమ్మా, ఏమైనా కొత్త విశేషమా? మాకు పప్పన్నం పెట్టకుండానే పెళ్లి చేసేసుకున్నావా?"

"అట్లాంటిదేం లేదు మేడం" అని కప్పు కడుక్కుని వెళ్లిపోయింది.

కొత్త పెళ్లి లేదంటే కొత్త అత్తగారూ లేదు. మరి ఎక్కడికి పోతోంది? మధ్యాహ్నం భోజనాల దగ్గర కుర్రాళ్ల ఊహలు వాళ్లవి. ఇంటర్వ్యూలకు వెళ్తోందని ఒకరు, ఇళ్లు అమ్మే లైసెన్సుకు చదువుతోందని ఇంకొకరు. నేను వింటూ కూర్చునేదాన్ని, వద్దనలేదు. ఒకసారి డాక్టరు కాగితం కూడా అడిగాను, "ఊరికే, ఫైల్ కోసం" అని. అడగకూడదని తెలిసే అడిగాను. "తెస్త మేడం" అంది, తేలేదు.

ఆగస్టులో ఒక గురువారం నాకు పంటి డాక్టరు దగ్గర పని పడింది. తిరిగి వస్తూ కూరగాయలకు మన గ్రోసరీ స్టోర్‌లో ఆగాను. దొండకాయల దగ్గర మా టెస్టింగ్ అమ్మాయి. పక్కన ఒక పెద్దావిడ. ఎండాకాలంలో ఉన్ని టోపీ పెట్టుకుని, ఒక్కో దొండకాయా వేళ్లతో నొక్కి చూసి ఏరుతోంది. ఈమె కవరు తెరిచి పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. మామూలుగా అయితే ఎదురెళ్లి నాలుగు మాటలు మాట్లాడేదాన్ని. ఆ రోజు కందిపప్పు బస్తాల వెనక నిలబడి చూశాను. జబ్బు సెలవు పెట్టి దొండకాయలు కొంటోందన్నమాట అనుకున్నాను. ఉన్ని టోపీ గురించి ఆలోచించనే లేదు.

సెప్టెంబరులో అసలు చిక్కు వచ్చింది. ఒక పెద్ద కస్టమర్ గురువారం నాడు మా యంత్రం చూడటానికి వస్తున్నారు. ఆ యంత్రం లోతుపాతులు తెలిసింది ఆ అమ్మాయి ఒక్కదానికే. ఫారం వారం ముందే పెట్టింది, నేను ఓకే చేశాను కూడా. ఆ రోజు యజమాని స్వయంగా వెళ్లి ఒక్క మూడు గంటలు ఉండమన్నాడు. "కుదరదు సార్. కావాల్సినవన్నీ రాసి పెట్టిన" అని చెప్పి పదకొండింటికి వెళ్లిపోయింది. పన్నెండున్నరకు యంత్రం ఆగింది. ఆమె రాసి పెట్టిన కాగితం చూసి మిగతా కుర్రాళ్లు గంటసేపు తంటాలు పడ్డారు. కస్టమర్లు గడియారాలు చూసుకుంటూ వెళ్లిపోయారు.

యజమాని నన్ను పిలిచాడు. మొహం కందగడ్డలా ఉంది. "అక్కా, అసలు ఈ అమ్మాయి ప్రతిసారీ ఎవరికి బాగాలేదని వెళ్తోంది?"

ఇక్కడే నోరు కట్టేసుకుని ఉండాల్సింది. నా నోరు ఊరుకుంటేగా. అత్తమామల గడి సంగతి చెప్పాను. విడాకుల సంగతి చెప్పాను. దొండకాయల సంగతి కూడా చెప్పాను.

"అంటే ఫారంలో అబద్ధం రాసిందన్నమాట" అన్నాడు. "అబద్ధం రాస్తే ఏం చేస్తామని మన పుస్తకంలో ఉంది?"

"ఉద్యోగం తీసేయవచ్చని."

"రేపు పదింటికి పిలవండి. లెటర్ రెడీ చేయండి."

"హెచ్-వన్ మీద ఉందండీ. అరవై రోజులే టైముంటుంది."

"నాకు తెలీదా అక్కా అరవై రోజులంటే ఏంటో? నేనూ అందులోంచి వచ్చినవాణ్నే. ఇవాళ ఈ అబద్ధం చూసీచూడనట్టు పోతే రేపు అందరూ ఇదే పని చేస్తారు."

లెటర్ టైప్ చేశాను. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఆమె ఈ దేశం వదిలి వెళ్లాలి. అలాంటి ఉత్తరాలు అంతకుముందూ రాశాను కాబట్టి మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. సంతకాల చోట చిన్న పసుపు చీటీలు కూడా అంటించాను.

శుక్రవారం పదింటికి మీటింగ్ గదిలో ముగ్గురమే ఉన్నాం. ఆమె వచ్చి కూర్చుని నా చేతిలోని ఫైలు చూసింది. చూడగానే అర్థమైనట్టుంది. చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

యజమాని ఫారం కాపీ ముందుకు జరిపాడు. "ఇది నువ్వే నింపావా?"

"నేనే సార్."

"అత్తమామలు అని టిక్ పెట్టావు. నీకు డివోర్స్ అయిందట కదమ్మా?"

ఆమె నావైపు చూసింది. ఆ సంగతి ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. నేను ఫైలు సర్దుకుంటున్నట్టు నటించాను.

"అయింది సార్" అంది. "డివోర్స్ ఆయనతోని అయింది. ఆమెతోని కాలే."

ఆమే మెల్లగా చెప్పుకొచ్చింది. "ఆయన జాబ్ టెక్సస్‌ల ఇర్వింగ్‌కు మారింది సార్. నెలకు ఒకటో రెండో వీకెండ్స్ వస్తడు, తప్పు చెప్పద్దు. కానీ ట్రీట్‌మెంట్ గురువారం ఉంటది. వాళ్లమ్మకు క్యాన్సర్. ఆమెకు డ్రైవింగ్ రాదు, ఇంగ్లిష్ రాదు. డాక్టర్లు అందరు ఇక్కడనే ఉన్నరు, మధ్యల మార్చద్దన్నరు. మందు ఎక్కియ్యడానికి మూడు గంటలు పడ్తది. నర్సులు ఏం అడిగినా నేనే చెప్పాలె."

యజమాని గొంతు కొంచెం తగ్గింది. "మరి నిన్ను గ్రోసరీ స్టోర్‌లో చూశారట?"

"పోతం సార్, అయిపోయినంక. ఆమెకు తిన బుద్ధయ్యేది ఆ ఒక్క సాయంత్రమే. తెల్లారినుంచి వాంతులు మొదలైతయ్. అందుకే ఆ రోజు ఏం కావాలంటే అది వండుకుంటం."

నా చెవులు వేడెక్కాయి. కందిపప్పు బస్తాల వెనక నిలబడి ఇంత లోకజ్ఞానం సంపాదించానా అనిపించింది.

"ఇదంతా ఉన్నదున్నట్టు రాయొచ్చు కదమ్మా" అన్నాడు యజమాని.

"ఏడ రాయాలె సార్? ఆరు డబ్బాలున్నయ్. ఏదో ఒకటి టిక్ పెట్టకపోతే ఫారం సబ్మిట్ అయితలేదు. మా ఇద్దరికి సరిపోయే డబ్బా దాంట్ల లేదు. దగ్గర్ల ఉన్నది పెట్టిన." ఆమె ఫారం కాపీని వెనక్కి జరిపింది. "అబద్ధం చెప్పాలని పెట్టలేదు సార్. నా జాబ్ పోతే ఆమెను తీస్కపోయేటోళ్లు ఉండరు. ట్రీట్‌మెంట్ ఇంకా నాలుగు సార్లు ఉన్నది."

యజమాని నావైపు తిరిగాడు, ఇప్పుడేం చేద్దామన్నట్టు. ఆయనకు ఆ ఏడో గడి గుర్తు లేదు. ఫిబ్రవరిలో ఒకసారి నవ్వి మరిచిపోయాడు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మూడు నెలల్లో రిటైర్ కాబోతున్నాను. మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. లెటర్ ఇచ్చేస్తే సోమవారం నుంచి ఆమె కనిపించదు కూడా. కొన్ని క్షణాలు నేను ఊరుకునే ఉన్నాను. అది దాచి నేను మంచిదాన్నని మీతో అనిపించుకోలేను.

"ఆ గడి ఉంది" అన్నాను చివరికి.

"ఏ గడి అక్కా?"

"చట్టంలో ఉంది. మన ఫారంలో నేనే తీసేశాను. మేనమామ జలుబు అని మీరూ నేనూ నవ్వుకున్నామే, అదే."

ఆయనకు గుర్తొచ్చింది. మొహం పాలిపోయింది. నేను లేచి వెళ్లి నా డ్రాయర్‌లోంచి చట్టం కాపీ తెచ్చి, ఆ వాక్యం ఉన్న పేజీ తీసి ఆమె ముందు పెట్టాను. ఫిబ్రవరిలో నవ్వుకుంటూ దాని పక్కన నేను పెట్టిన ఆశ్చర్యార్థకం ఇంకా అక్కడే ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. వేలు ఆ వాక్యం మీదే ఉంచి అడిగింది. "ఇది ఫిబ్రవరి సంది ఉన్నదా మేడం?"

"ఉందమ్మా."

"నేను ఏప్రిల్ సంది దొంగ లెక్క పోతున్న."

నా ఉద్యోగ జీవితంలో చాలామంది నామీద అరిచారు. ఒకాయన కుర్చీ కూడా తన్నాడు. ఆమె అరవలేదు. ఆ ఒక్క మాటా మామూలు గొంతుతోనే అంది. నాకు మాత్రం తల ఎత్తాలనిపించలేదు. "తప్పు నాదే. నన్ను క్షమించు" అన్నాను. ఆమె ఆ పేజీ మూసి నావైపు జరిపింది.

యజమాని ఫైలు తన వైపు లాక్కుని మూసేశాడు. "లెటర్ వద్దక్కా. నువ్వు వెళ్లి పని చూసుకోమ్మా. గురువారాలు నీవే, ఎవరూ అడగరు." ఆమె వెళ్లాక నావైపు తిరిగాడు. "ఫిబ్రవరిలో నన్నైనా ఆపలేదేంటక్కా" అన్నాడు. నేనే కదా చూపించి నవ్వించింది, ఆపేదెవరు? ఆ మధ్యాహ్నం మా లాయరుకు ఫోన్ చేశాం. ఆవిడ ఇద్దరికీ కలిపి గంటసేపు గడ్డి పెట్టింది. ఆ లెటర్ ఇచ్చి ఉంటే కంపెనీ మీద ఏమేం కేసులు పడేవో ఒక్కొక్కటే చదివి వినిపించింది.

సోమవారం నలభై మందికీ నేనే మెయిల్ రాశాను, ఫారంలో ఒక గడి లేదని, అది నా పొరపాటేనని. ఆమె ప్రస్తావన తేలేదు. డాక్టరు కాగితాలు అడగడం మానేశాను. కొత్త గడి పెట్టాక ఆఫీసు ఖాళీ అవుతుందేమోనని కొన్నాళ్లు కుతూహలంగా చూశాను. నేను ఉన్న ఆ మూడు నెలల్లో ఆమె కాక ఆ గడి వాడినవాళ్లు ఇద్దరు. ఒక కుర్రాడు, మోకాలికి ఆపరేషన్ అయిన పాత రూమ్మేట్‌ను ఇంటికి తీసుకెళ్లడానికి. రెండో ఆయన మా ల్యాబులో పనిచేసే అమెరికన్ పెద్దాయన, పక్కింటి ముసలాయన కంటి ఆపరేషన్‌కు. నేను ఎదురుచూసిన దొంగ చుట్టాలు ఒక్కరూ రాలేదు. మనవాళ్ల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేదాన్ని. నాకు తెలిసింది అంతేనన్నమాట.

నేను మానేసే వారంలో ఆమె డెస్క్ దగ్గరకు వెళ్లాను. ట్రీట్‌మెంట్ పూర్తయిందట, ఇంకా పరీక్షలు ఉన్నాయట. పెద్దావిడ కొంచెం తేరుకుందట. అంతవరకూ చెప్పింది. అక్కడితో నేను తిరిగి రావాల్సింది. కానీ ఏప్రిల్ నుంచి లోపల తొలుస్తున్నది బయటికి వచ్చేసింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ ఇంటితో సంబంధమే తెంచుకున్నావు. మరి ఆవిడకు ఇదంతా ఎందుకు చేస్తున్నావమ్మా?"

ఆమె కంప్యూటర్ ఆపి, బ్యాగు భుజాన వేసుకుని, కారు తాళాలు తీసుకుంది. ఆ రోజు గురువారం. అప్పటికి పదకొండు కావస్తోంది.

"ఆ క్వశ్చన్ కూడా ఫారంల పెట్టిన్రా మేడం?" అంది.

"లేదమ్మా."

"అయితే పోయొస్త."

ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. అది అడిగే హక్కు నాకు లేదని చట్టం చదివినదాన్ని కాబట్టి నాకు తెలుసు. జవాబు తెలుసుకోవాలని మాత్రం ఇవాళ్టికీ ఉంది.